వెంకటనర్సమ్మకు తల్లిగారి చీర

నాచారంలో జాకెట్లు కుట్టేవాళ్ళకు కొదవ లేదు. ఉప్పల్ వైపు నడుస్తూ పోతే సందుకొక బోర్డు, బోర్డు నిండా మెడల రకాల బొమ్మలు. వెంకటనర్సమ్మకు బోర్డు లేదు. ముందుగదిలో కిటికీ పక్కన ఒక మిషను, గోడ మేకులకు వేలాడే జాకెట్లు, కింద ఒక చాప. అయినా బతుకమ్మ ముందు ఆ గడప దగ్గర చెప్పులు విడవడానికి చోటు దొరికేది కాదు.

ఇప్పుడామె రైలు పట్టాల వైపు గోడకు దగ్గరగా, భర్త దయాకర్ సమాధి పక్కనే నిద్రపోతోంది. ఆ చోటును నాచారం వాళ్ళు బొందలగడ్డ అంటారు, త్రిపురసుందరి టీచరు మాత్రం శ్మశానం అంటుంది. సమాధి పెద్దదేం కాదు. నీలం రంగు వేసిన సిమెంటు దిమ్మె, తలవైపు దీపం పెట్టుకోవడానికి చిన్న గూడు. తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ టీచరు త్రిపురసుందరి, దీపావళి పూట ఇంట్లో లక్ష్మీపూజ ముగించుకుని ఆ దిమ్మె దగ్గరికి పరుగెత్తిందంటే తెనాలి చుట్టాలు ఈనాటికీ నమ్మరు. నమ్మకపోతే పోనీండి. వాళ్ళ జాకెట్లు వెంకటనర్సమ్మ కుట్టలేదు కదా!

త్రిపురసుందరి నాచారం వచ్చిన కొత్తల్లోనే ఈ స్నేహం మొదలైంది. స్నేహం అనడం కంటే తగువు అనడం మేలు. మొదటి జాకెట్టు ఇంటికి తెచ్చుకుని తిరగేసి చూస్తే పక్క కుట్ల లోపల బోలెడంత బట్ట. వెనక్కి పట్టుకెళ్ళింది.

"ఇంత బట్ట లోపల వదిలేశావేంటమ్మా? గుచ్చుకుంటోంది. కత్తిరించెయ్."

వెంకటనర్సమ్మ కత్తెరను తీసి తొడ కింద దాచుకుంది. "మనిషి ఎప్పటికి ఒక్క తీరుగనే ఉంటదా టీచరమ్మా? లోపట జర బట్ట ఉండనియ్యున్రి. రేపు ఒళ్ళొస్తె కుట్లు ఇప్పుకుంటె సరిపోతది. కొత్తది కుట్టిచ్చుకునే పనుండదు."

"అలాగైతే నీకు బేరాలెక్కడినుంచి వస్తాయి?"

"గా ఫికర్ నాది," అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆమె దగ్గర వాదన అలాగే ముగిసేది. మిషను చప్పుడులో ఎదుటివాళ్ళ మాట వినిపించేది కాదు మరి.

ఇంకో పట్టింపు మ్యాచింగు. చీరకు నప్పని జాకెట్టు వేసుకుని ఎవరైనా సందులో కనిపిస్తే కిటికీలోంచే కేకేసేది. "గా చీర మీదికి గిదేంది? నా దగ్గర కుట్టిచ్చిన్నని మాత్రం ఎవ్వలకు జెప్పకు, నా పేరు పోతది!" ఇలా అందరినీ తిట్టే మనిషి తాను వేసుకునేది మాత్రం మిగిలిన ముక్కలతో అతికిన జాకెట్లు. ఒక చెయ్యి ఎరుపు, ఒక చెయ్యి ఊదా. అడిగితే, "నన్నెవ్వలు జూస్తరు, నేనే అందర్ని జూస్త," అని నవ్వేది. భారీ మనిషి కావడంతో నవ్వితే స్టూలు కిర్రుమనేది.

ఆ నవ్వు వెనక ఒక లోటు ఉందని త్రిపురసుందరికి తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది. వెంకటనర్సమ్మది కరీంనగర్ వైపు ఊరు. నచ్చినవాడని దయాకర్‌ను చేసుకుంది. వేరే కులం. అన్నలు తలుపు మూసుకున్నారు, మళ్ళీ తీయలేదు. ఆలుమగలిద్దరూ నాచారం వచ్చి, దయాకర్ ఫ్యాక్టరీలో చేరితే, ఈమె మిషను కొనుక్కుంది. రాణి పుట్టింది, పెరిగింది, అంబర్‌పేటలో కాపురం పెట్టింది. అన్నీ బాగానే జరిగాయి. కానీ తెలంగాణలో పెళ్ళయిన ఆడపిల్లకు తల్లిగారింటి నుంచి ఒడిబియ్యం పోస్తారు. కొత్త చీర పెట్టి, కొత్త రవిక పెట్టి, ఒడి నిండా బియ్యం పోసి పంపుతారు. సందులో ప్రతి ఆడమనిషి ఒడిబియ్యానికీ రవిక కుట్టిన వెంకటనర్సమ్మకు మాత్రం ఒక్కసారీ ఎవరూ పోయలేదు. దయాకర్ పోయాక ఇక ఆ ముచ్చటే లేదు, ఒడిబియ్యం ముత్తైదువలకే గనక. తల్లిగారింటి నుంచి ఆడదానికి రావలసింది ఇంక ఒక్కటే మిగిలింది. పోయిన రోజున కట్టించే చీర.

ఈలోగా త్రిపురసుందరికి పెద్ద ఆపద వచ్చింది. ఒక వేసవి సెలవుల్లో రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి ఎడమవైపు తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు గానీ, ఆవిడకు అద్దం దగ్గరికి వెళ్ళాలంటేనే భయం పట్టుకుంది. బడి తెరిచారు. ఈవిడ గది తలుపు తెరవలేదు. ఉద్యోగం మానేస్తానని భర్త వెంకటరామయ్యతో చెప్పేసింది. పాపం ఆయన ఏమనగలడు? సరేనన్నాడు.

విషయం ఎలా తెలిసిందో, వెంకటనర్సమ్మ మెడలో టేపుతో వచ్చింది. "ఏంది టీచరమ్మా, బడి తెరిచిన్రు గద?"

"నేనిక వెళ్ళనమ్మా. ఆ పిల్లల ముందు, తోటి టీచర్ల ముందు ఎలా నిలబడను?"

ఆమె అయ్యో అనలేదు. ధైర్యం చెప్పలేదు. లేచి తలుపు గడియ వేసింది. "జర చేతులు లేపున్రి," అంది. రెండువైపులా విడివిడిగా కొలత తీసుకుంది. బీరువాలో జాకెట్లన్నీ మూట కట్టుకుని వెళ్ళిపోయింది. తిరిగి తెచ్చినప్పుడు ప్రతి జాకెట్టుకూ ఎడమవైపు లోపల ఒక చిన్న జేబు, ఆ జేబులో పొరలు పొరలుగా నూలుబట్ట, దూది పెట్టి కుట్టిన మెత్త ఉంది. త్రిపురసుందరి తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. పైట సర్దుకుంది. ఆవిడ పాత ఆవిడే. అక్కడే కూలబడి ఏడ్చింది.

"మస్తుగున్నరు. ఇగ పోయి పాఠం జెప్పుకోన్రి," అని వెంకటనర్సమ్మ గడియ తీసి వెళ్ళిపోయింది.

రిటైరయ్యేదాకా త్రిపురసుందరి బడికి వెళ్ళింది. ఆవిడకు ఏ ఆపరేషన్ జరిగిందో స్కూల్లో ఎవరికీ తెలియలేదు. ఆడవాళ్ళ గుట్లన్నీ వచ్చిపడే ఆ ముందుగదిలోంచి ఈ ఒక్క మాట బయటికి పొక్కలేదు. కన్నకూతురు రాణికి కూడా చెప్పలేదా మహాతల్లి.

ఇలాంటి రుణాన్ని త్రిపురసుందరి ఎలా తీర్చుకోవాలనుకుందో గానీ, తీర్చుకునే దారి ఆవిడ నోటినుంచే, ఆవిడకు తెలియకుండానే జారింది. ఒక మధ్యాహ్నం వెంకటనర్సమ్మ హుక్కులు కుడుతూ, తల ఎత్తకుండానే అంది, "నేను సచ్చిననాడు తల్లిగారి చీర ఎవ్వలు దెస్తరు టీచరమ్మా? ఉత్తగనే పోవాలె గావచ్చు."

సూదిలో దారం ఎక్కిస్తున్న త్రిపురసుందరి, "ఎందుకా మాటలు? నేనున్నానుగా," అంది.

నేనున్నానుగా అనే మాట గుంటూరు జిల్లా వాళ్ళ నోట రోజుకు పదిసార్లు వస్తుంది. గ్యాస్ అయిపోయిందంటే నేనున్నానుగా. బస్సు తప్పిపోయిందంటే నేనున్నానుగా. ఎదుటివాళ్ళు బెంగపడకూడదని అనేసే మాటే తప్ప, దానికి కట్టుబడాలని ఎవరూ అనుకోరు. కానీ వెంకటనర్సమ్మ చేతిలో పని ఆపింది. కళ్ళద్దాలు తీసింది. "నిజంగనేనా?" అంది. "నిజంగానే," అంది త్రిపురసుందరి సూది మీదే చూపుంచి. అంతే, ఆమెకది ఒట్టేసినట్టయింది. సాయంత్రానికల్లా కూతురికి చెప్పింది, బావగారు బిక్షపతికి ఫోన్ చేసి మరీ చెప్పింది. త్రిపురసుందరి మాత్రం ఇంటికొచ్చి కూరకు తాలింపు వేసుకుంటూ ఆ సంగతే మరిచిపోయింది.

నిరుడు వెంకటనర్సమ్మకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. దవాఖానా చుట్టూ తిరగడంలో అంత భారీ మనిషి సగమైంది. అయినా కిటికీ దగ్గర మిషను తిరుగుతూనే ఉంది. ఈ శ్రావణంలో త్రిపురసుందరి కూతురు బిందుమాధవి బోడుప్పల్‌లో కొన్న ఫ్లాటుకు గృహప్రవేశం పెట్టుకుంది. ఆ పూటకు కట్టుకోవాలని త్రిపురసుందరి చిలకాకుపచ్చ పట్టుచీర కొంది. దాని జాకెట్టే వెంకటనర్సమ్మ కుట్టిన చివరిది. హుక్కులు కూడా కుట్టి, మడిచి, చేతికిచ్చి దవాఖానాలో చేరింది. మళ్ళీ మిషను దగ్గరికి రాలేదు.

గృహప్రవేశం ఎల్లుండి అనగా పొద్దున్నే రాణి ఫోన్.

"టీచరమ్మా, అమ్మ పోయింది." కాసేపు ఏడుపే వినిపించింది. తర్వాత గొంతు కూడదీసుకుని, "మేనమామలకు ఫోన్ జేసినం, రామన్నరు. అమ్మ ముందే జెప్పింది, తల్లిగారి చీర మీరు తెస్తరని. పెదనాయిన మీ కోసమే సూస్తున్నడు," అంది.

త్రిపురసుందరి ఫోన్ పట్టుకుని అలాగే మంచం మీద కూర్చుండిపోయింది. సూది, దారం, ఆ మధ్యాహ్నం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

వెంకటరామయ్య చెడ్డవాడు కాదు. పద్ధతి గల మనిషి. పేపరు మడిచి పక్కన పెట్టి, "చూడు సుందరీ, ఇరుగుపొరుగుగా వెళ్ళి చూసొచ్చి తలస్నానం చేస్తే సరిపోతుంది. పుట్టింటివాళ్ళమని చీర పట్టుకెళితే మూడు రోజులు మైల పట్టాలి. ఎల్లుండి పిల్ల పీటల మీద కూర్చుంటుంటే తల్లివి నువ్వు గడప బయట ఉంటావా? మంచి చీర చూసి రాణి చేతికి పంపించెయ్యి," అన్నాడు.

నిజం చెప్పాలంటే త్రిపురసుందరికీ ఆ దారే నచ్చింది. లేచి బీరువా తెరిచింది. ఎవరో పెట్టిన చీర, మడత విప్పనిది, పైకి తీసింది. దాని కిందే చిలకాకుపచ్చ చీర, దాని మీద ఆ జాకెట్టు ఉన్నాయి. చేయి దానంతటదే జాకెట్టును తిరగేసింది. లోపల పక్క కుట్ల దగ్గర ఎప్పటిలాగే బోలెడంత బట్ట. ఎడమవైపు మెత్త. రోగంతో చేతులు వణుకుతున్న మనిషి కుట్టిన కుట్లు, ఒక్కటి వంకర పోలేదు.

త్రిపురసుందరి ఆ మడత చీరను లోపల పడేసి, చిలకాకుపచ్చ చీర, జాకెట్టు సంచిలో పెట్టి, కూతురికి ఫోన్ చేసింది. అంతా విని బిందుమాధవి, "నా ఓణీల ఫంక్షనుకు లంగా ఎవరు కుట్టారమ్మా? ముహూర్తాలదేముంది, ఇంకోటి పెట్టించుకుంటాం. నువ్వెళ్ళు," అంది.

వెంకటరామయ్య ఇదంతా విన్నాడు. చొక్కా తొడుక్కున్నాడు. "సంచి ఇటియ్యి, నేను పట్టుకుంటాను," అన్నాడు. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆయన అన్న మాటల్లో త్రిపురసుందరికి బాగా నచ్చినవి అవే.

సందులో టెంటు వేశారు. డప్పు మోగుతోంది. తలకు తువ్వాలు చుట్టుకున్న బిక్షపతి ఎదురొచ్చాడు. దయాకర్‌కు అన్న, ఇంటికి పెద్ద. సంచిలో చీర చూసి సంతోషించాడు గానీ, దారి వదల్లేదు.

"తల్లిగారోళ్ళంటె మాటలు గాదమ్మా. ఇయ్యాల చీర వెట్టి రేపు మీ తొవ్వల మీరు పోతే మా మరదలికి మళ్ళ అదే నామోషీ. దినాలకు రావాలె. దీపావళికి బొందల కాడికి రావాలె, మా ఇండ్లల్ల ఆ పొద్దు పోయినోళ్ళ దగ్గర దీపం వెడ్తం. మీ దిక్కు గిట్ల ఉండదు గద. వస్తరా?"

దీపావళి నాడు శ్మశానమా! త్రిపురసుందరి పక్కనున్న భర్త ముఖం చూడలేదు. చూస్తే మాట తడబడుతుందని తెలుసు. "వస్తాను. ఆవిడ మా ఇంటి ఆడపడుచు," అంది.

బిక్షపతి పక్కకు జరిగాడు.

లోపల ఆడవాళ్ళు స్నానం చేయించి ఉన్నారు. రాణి చీర చూసి కళ్ళకద్దుకుంది. జాకెట్టు చూసి తల అడ్డంగా ఊపింది. "చిక్కినా గని అమ్మ మీకంటె పెద్ద మనిషే. వట్టదు టీచరమ్మా. చీర ఒక్కటే కప్పుదాం."

"వద్దు. మ్యాచింగ్ లేకుండా పంపితే మీ అమ్మ ఊరుకుంటుందా?"

త్రిపురసుందరి మిషను సొరుగు లాగింది. కుట్లు విప్పే బ్లేడు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. జాకెట్టు తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది. ముందు ఎడమవైపు జేబు విప్పి మెత్త బయటికి తీసింది. గదిలో ఉన్న ఆడవాళ్ళంతా చూశారు. రాణి, "ఇదేంది టీచరమ్మా?" అంది.

ఇన్నేళ్ళు ఎవరికీ తెలియకూడదని వణికిన మాట అంత తేలిగ్గా నోటికొస్తుందని త్రిపురసుందరి అనుకోలేదు. "నాకు ఒకవైపు లేదమ్మా. ఆపరేషన్ చేసి తీసేశారు. నేను ఉద్యోగం మానేసి ఇంట్లో పడుంటే, మీ అమ్మ ఇది కుట్టి నన్ను బడికి పంపింది. నీక్కూడా చెప్పలేదు కదూ? ఎవరికీ చెప్పలేదు. ఈ మనిషి లేకపోతే నేను తలెత్తుకు తిరిగేదాన్నే కాదు."

ఒక ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. త్రిపురసుందరి పక్క కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఒక వరస, దాని లోపల ఇంకో వరస, చేతుల దగ్గర కూడా. లోపల దాగిన పచ్చపట్టు కొత్తగా, మెరుస్తూ బయటికి వచ్చింది. రేపు ఒళ్ళొస్తె ఇప్పుకుంటె సరిపోతది అన్న మనిషికే ఆ బట్ట పనికొచ్చింది. తొడిగితే సరిగ్గా పట్టింది. హుక్కులు త్రిపురసుందరే పెట్టింది. చీర కట్టించాక, ఆ మెత్తను కుచ్చిళ్ళ దగ్గర దోపింది. దానిమీద ఇప్పుడు చేయి వేయాల్సింది దాన్ని కుట్టిన మనిషే గనక, వెంకటనర్సమ్మ కుడిచేతిని తీసి దానిమీద ఉంచింది.

జీవితమంతా ముక్కల జాకెట్లు తొడుక్కున్న మనిషి, చిలకాకుపచ్చ పట్టులో, చీరకు తగ్గ జాకెట్టుతో, కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

"పెద్దమ్మా," అని రాణి త్రిపురసుందరి భుజం మీద వాలిపోయింది. టీచరమ్మా అనే పిలుపు ఆ గదిలోనే పోయింది.

దినాలు అయ్యాయి. సమాధి కట్టారు. భాద్రపదం దాటాక బిందుమాధవి గృహప్రవేశం కూడా అయింది, తల్లి పాత చీరే కట్టుకుని హాయిగా తిరిగింది. దీపావళి వచ్చింది. ఆడపిల్ల దగ్గరికి పుట్టింటివాళ్ళు వట్టి చేతులతో వెళ్ళకూడదు, ఆమె కడుపు చల్లగా ఉండాలని చలిమిడి పట్టుకెళ్ళడం తెనాలి వాళ్ళ ఆనవాయితీ. త్రిపురసుందరి పొద్దున్నే బియ్యం నానబోసి, పిండి కొట్టించి, బెల్లం పాకం పట్టి చలిమిడి చేసింది. ఇంట్లో లక్ష్మీపూజ ముగిసేసరికి చీకటి పడింది. వెంకటరామయ్యకు చెప్పులు దొరకలేదు. ఆటో దొరకలేదు. ఈపాటికి వాళ్ళంతా దీపాలు పెట్టేసి ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు, మనం పెట్టకపోతే మాత్రం ఎవరు చూస్తారు, అని దారంతా తనకు తాను సర్దిచెప్పుకుంది. ఎంతైనా పొరుగింటి మనిషినే కదా.

బొందలగడ్డ గేటు దాటితే ఎటు చూసినా వెలుగే. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు సమాధులు కడిగి, పూలు చల్లి, దీపాలు వరసపెట్టి, పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తళ్ళలో పెట్టుకుని కూర్చున్నారు. పిల్లలు కాకరపువ్వొత్తులు తిప్పుతున్నారు. త్రిపురసుందరికి ఏ కోశానా భయం వేయలేదు. చూస్తే నాలుగిళ్ళవాళ్ళు వాకిట్లో కూర్చుని పండగ చేసుకుంటున్నట్టే ఉంది.

అన్ని వెలుగుల మధ్య గోడ పక్కన ఒక్క నీలం దిమ్మె చీకట్లో ఉంది.

దగ్గరికి వెళితే రాణి ఉంది. బిక్షపతి ఉన్నాడు. వెంకటనర్సమ్మ చేత జాకెట్లు కుట్టించుకున్న సందులోని ఆడవాళ్ళు ఉన్నారు. ప్రమిదలు పేర్చి ఉన్నాయి, నూనె పోసి ఉంది, వత్తులు వేసి ఉన్నాయి. ఒక్కటీ వెలగలేదు.

"ఏమైంది? ఇంకా వెలిగించలేదేం?" అంది త్రిపురసుందరి ఆయాసపడుతూ.

బిక్షపతి గుర్రుమన్నాడు. "తల్లిగారోళ్ళు రాకముందే ఎట్ల ముట్టిస్తమమ్మా? పొద్దుమూకినకాడికెల్లి కూసున్నం. ఆడివిల్ల కాడికి గింత లేటుగనా వచ్చేది?"

ఆడపిల్ల అత్తవారింటివాళ్ళు ఆమె పుట్టింటివాళ్ళను కోప్పడినట్టే కోప్పడ్డాడు. ఆ చీవాట్లు త్రిపురసుందరి కడుపునిండా తింది. కళ్ళు తుడుచుకుని, చలిమిడి ముద్దను దిమ్మె మీద పెట్టి, "తప్పయింది, అన్నయ్యగారూ. వచ్చే ఏడు పెందలాడే వస్తాం," అని అగ్గిపెట్టె అందుకుంది.